కంటిలో ఊరే నీరు

ముందుమాటలు రాసిచ్చే వయసొచ్చాక నా దగ్గరికి ఎక్కువగా కవితా సంపుటాలే వస్తున్నాయి. పుప్పాలగూడలో మా పక్క బ్లాకు కుర్రాడు మాత్రం చేప కంటిలో నీరెలా ఊరుతుందో రాసి తెచ్చాడు. పగలంతా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కోడింగ్. ఆదివారం పులుసుకని చేప తలకాయలు కొని, పొయ్యెక్కేలోపు కళ్ళు కోసి చూస్తాడు. వాళ్ళమ్మగారు ఏమంటున్నారో నేనడగలేదు.

నీళ్ళలో బతికేదాని కంటిలో నీళ్ళుంటే వింతేముంది, చెరువు నీరే దిగి ఉంటుందనుకుంటాం. పుస్తకం మొదటి దెబ్బ ఆ ఊహ మీదే. చెరువు నీరు చప్పన. అందులో పెరిగిన రోహు కంటినీరు దాని నెత్తురులాగే ఉప్పన. సముద్రపు చేపకేమో కంటినీరు కడలంత ఉప్పగా ఉండదు, దాని నెత్తురూ అంత ఉప్పన కాదు గనక. అంటే ఆ నీరు నెత్తుటిలోంచి తీసినదే.

తీసేది ఐరిస్ వెనకున్న సీలియరీ పొర. అందులోని కణాలు శక్తి ఖర్చుపెట్టి సోడియం లాంటి లవణాలను కంటిలోకి తోస్తాయి. ఉప్పు వెంట నీరు తనే నడుస్తుంది. మనకు ఈ పొర మడతలు మడతలుగా, కటకం చుట్టూ వలయంలా ఉంటుంది. జీబ్రాచేపకు ఆ మడతల్లేవు. దాని కంటిలో నీరు ముఖ్యంగా పైభాగాన ఊరి, కిందివైపు సన్నటి కాలవల్లోంచి తిరిగి నెత్తుటిలో కలుస్తుంది. నెత్తుటి నాళాలు లేని కటకానికీ శుక్లపటలానికీ తిండి మోసేది ఈ నీరే. పోయే దారి మూసుకుంటే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది; మనుషుల్లో నీటికాసులు చాలావరకు అలా వచ్చేవే. 1822లో హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో వర్ణించిన ఈ బుల్లి జీబ్రాచేపను ఇప్పుడు మన సీసీఎంబీలోనూ పరిశోధనకు పెంచుతున్నారు.

బొమ్మలు తనే గీశాడు. బొచ్చె కంటి బొమ్మలో కటకం గోలీలా గుండ్రంగా, కంటిపాపలోంచి కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పులుసులో పంటికింద తగిలే తెల్లటి గుండు అదేనని కింద రాశాడు. ఈ ఒక్క వాక్యానికే పుస్తకం కొనొచ్చు.

కొరత ఒకటుంది. కళ్ళుబ్బిన చేపలు తేలితే కైకలూరు చేపల రైతు గుండె గుభేలుమంటుంది. బాక్టీరియా సోకినా, నీటిలో వాయువులు మోతాదు మించి కరిగినా కన్ను ఉబ్బొచ్చు. దానికి ఒక్క పేజీతో సరిపెట్టాడు. మలిముద్రణకు అది అధ్యాయం కావాలన్నాను. సంక్రాంతి సెలవులకు కొల్లేటి వైపు వెళ్ళి రైతుల్ని అడిగి రాస్తానన్నాడు.

— పుప్పాలగూడ