తూచి రాసుకున్నవాళ్లు

మందుల కంపెనీలో తూకం దగ్గర నిలబడేవాడికి మొదట నేర్పేది ఒకటే. లిమిట్ దాటిన రీడింగ్ వస్తే కొట్టేయకూడదు, ఎందుకొచ్చిందో తేల్చాలి. పాశమైలారంలో ఏళ్ల తరబడి ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగిన పని నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది.

అక్కడి విస్టార్ ఎలుకల సంతతి 1920 నాటిది. కూనూరులో మొదలై, బయటి రక్తం కలవకుండా నడుస్తోంది. అలాంటి సంతతిలో ఒక ఎలుక ఉన్నట్టుండి లావెక్కితే, జాతి చెడకూడదని తీసేయడమే మామూలు. ఎన్.వి. గిరిధరన్ బృందం తీసేయలేదు, దాని జాతిని నిలబెట్టింది. 1996లో ఊబకాయానికి కొత్త నమూనాగా ప్రకటించింది.

నిలబెట్టడమంటే మాటలా! లావెక్కినవాటికి, ఆడైనా మగైనా, పిల్లలు పుట్టరు. ఆ లోపాన్ని మోసే తోబుట్టువులను జతకట్టిస్తే ఈతలో నాలుగోవంతు లావువి వస్తాయి. తరం వెంట తరం ప్రతి పిల్లనూ తూచాలి, రాయాలి.

పెద్దయ్యాక కొన్ని కిలో దాటాయి. వయసుకు ముందే ముసలివయ్యాయి. కొన్నిటి కళ్లకు శుక్లాలొచ్చాయి, ఆయుష్షు తగ్గింది, ఏడాది దాటాక కొన్నిటికి కణుతులు లేచాయి. కొవ్వు, ముసలితనం, కణితి మూడూ ఒక్క ఒంట్లోనే! క్యాన్సర్ ఎక్కువగా పెద్దవయసులో వచ్చే జబ్బు. ప్రయోగాలేమో చాలావరకు పడుచు ఎలుకల మీదే జరుగుతాయి, ఎందుకంటే ముసలి ఎలుక కావాలంటే రెండేళ్లు మేపాలి. అందుకే ఈ తార్నాక ఎలుకలంటే నాకు అంత గౌరవం.

మనుషుల సంగతికొస్తే, ఒంట్లో అదనపు కొవ్వుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో తేల్చింది. ముట్లుడిగాక వచ్చే రొమ్ము క్యాన్సర్ వాటిలో ఒకటి. అండాశయాల పని ఆగాక ఈస్ట్రోజెన్ ప్రధానంగా కొవ్వులోనే తయారవుతుంది. కొవ్వు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది.

మా పారిశ్రామికవాడలో నైట్ షిఫ్టులు చేసి, వేళకాని వేళ తిని, నలభై దాటేసరికి పొట్ట పెరిగినవాళ్లు ఎందరో. ఏటా హెల్త్ చెకప్‌లో బరువు చూస్తారు. నేను చూసినంతలో ఆ అంకె ఆ ఏటి కాగితంలోనే ఉండిపోతుంది. బ్యాచ్‌కు బ్యాచ్ పోల్చి చూసే మనం మనిషికి ఆ పని ఎందుకు చేయం? ఐదేళ్ల బరువు, నడుము కొలత పక్కపక్కన వేసి ఆపరేటర్ చేతికివ్వమని ఇక్కడి యాజమాన్యాలను అడుగుతున్నాను. కాంట్రాక్టు వాళ్లకు కూడా.