చూపు, మాట, నడక: ముంబై కళా గ్యాలరీల సందర్శన - విమర్శనాత్మక పరిశీలన

కీలక పదాలు: సమకాలీన కళ, గ్యాలరీ నడక, కాలాఘోడా, పటం కథ, ప్రేక్షకుడు, వ్యాఖ్యాత.

1. ప్రవేశిక:

దక్షిణ ముంబైలోని కాలాఘోడా అనే ప్రాంతం పేరుకు ‘నల్ల గుర్రం’ అని అర్థం. ఏడవ ఎడ్వర్డ్ అశ్వారూఢ విగ్రహం కారణంగా ఆ పేరు ఏర్పడింది. 1965లో ఆ విగ్రహాన్ని తొలగించి బైకుల్లాకు తరలించారు. రౌతు లేని కొత్త గుర్రాన్ని 2017లో నిలిపారు. నడుమ అర్ధశతాబ్ది పాటు గుర్రం లేకపోయినా పేరు మాత్రం నిలిచింది. వస్తువు లేని చోటును కథ నింపగలదనడానికి ఇది నిదర్శనం. చారిత్రక ప్రదేశాలను చూపే నడకలు చాలావరకు ఈ శక్తి మీదే ఆధారపడతాయి. అయితే అదే ప్రాంతంలోని సమకాలీన కళా గ్యాలరీల నడకలో వస్తువు ప్రేక్షకుని కళ్లెదుటే ఉంటుంది. అటువంటప్పుడు వ్యాఖ్యాత మాట చూపుకు తోడవుతుందా, లేక చూపు స్థానాన్ని ఆక్రమిస్తుందా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. దానిని తెలుగువారి పటం కథా సంప్రదాయంతో పోల్చి పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం.

2. గడప దాటించే నడక:

1952లో ప్రారంభమైన జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ దారిన పోయేవారు సైతం కాసేపు లోపలికి వెళ్లి రాగలిగే చోటు. 1963లో కేకూ గాంధీ, ఖోర్షెద్ గాంధీ దంపతులు కెమోల్డ్ గ్యాలరీని ఆ భవనంలోనే మొదటి అంతస్తులో నెలకొల్పారు. 2007లో అది ఫోర్ట్ ప్రాంతంలోని ప్రెస్కాట్ రోడ్డుకు, ఒక పాత భవనం మూడో అంతస్తుకు మారింది. కొలాబాలోని ప్రాజెక్ట్ 88 ఒకప్పటి ముద్రణాలయంలో నడుస్తోంది. ఇటువంటి గ్యాలరీలలో ప్రవేశ రుసుము ఉండదు. అయినా పాత మెట్లెక్కి, మూసి ఉన్న తలుపు తోసి లోపలికి వెళ్లడానికి కొత్తవారు జంకుతారు. రుసుము లేకపోవడం వేరు, ‘నేనూ వెళ్లవచ్చు’ అన్న ధైర్యం కలగడం వేరు. 2012లో మొదలైన ముంబై గ్యాలరీ వీకెండ్ వంటి కార్యక్రమాలలోని సామూహిక సందర్శనలు ఈ జంకును పోగొడతాయి. ఈ ప్రయోజనాన్ని తక్కువ చేసి చూడటం సరికాదు. కానీ గడప దాటిన తరువాత జరిగేదే విమర్శకు అసలు విషయం.

3. పటం కథతో పోలిక:

చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాలను చూపుతూ కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని వినిపిస్తారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని చెబుతారు. అక్కడ చిత్రం ఊరూరా తిరుగుతుంది, ప్రేక్షకులు ఒకచోట కూర్చుంటారు. గ్యాలరీ నడకలో చిత్రం గోడమీద నిలిచి ఉంటుంది, ప్రేక్షకులు తిరుగుతారు. రెండింటిలోనూ నడుమ నిలిచేది మాటే.

అయితే రెండు భేదాలు గమనించదగినవి. మొదటిది కాలానికి సంబంధించినది. పటం ఒక్కసారిగా తెరుచుకోదు. కథ సాగేకొద్దీ చుట్ట విప్పుతూ పోతారు. మాట, చూపు ఒకే వేగంతో నడుస్తాయి. రెండవది ఆర్థిక సంబంధానికి చెందినది. పటం కథకుని జీవిక దాతృ కులం ఇచ్చే ప్రతిఫలం మీద ఆధారపడి ఉందన్నది వినేవారందరికీ తెలుసు. వాణిజ్య గ్యాలరీ కూడా విక్రయశాలే. కానీ వెల ఎంత, కొనేవారెవరు, ఈ కళాకారుడే ఇక్కడికి ఎలా చేరాడు అన్న ప్రశ్నలు నడకలో అరుదుగా వినిపిస్తాయి. ఈ పోలిక పటం కథను ఆదర్శంగా నిలపడానికి కాదు. దాని వెనుక కులవ్యవస్థ ఉంది. అక్కడ బాహాటంగా ఉన్న ఆధారపడే సంబంధం ఇక్కడ మరుగున ఉందని చెప్పడమే దీని ఉద్దేశం.

4. మాట ఆగవలసిన చోటు:

ముంబై చిత్రకారుడు అతుల్ దోడియా దుకాణాల ఇనుప షట్టర్ల మీద చిత్రాలు వేశాడు. వాటిలో ‘మహాలక్ష్మి’ అన్న కృతిలో షట్టర్ మీద లక్ష్మీదేవి కనిపిస్తుంది. దానిని పైకెత్తితే లోపల ఉరివేసుకున్న ముగ్గురు అక్కాచెల్లెళ్లు కనిపిస్తారు. వరకట్నం వారి మరణానికి కారణం. సంపదనిచ్చే దేవత వెనుక సంపద లేక పోయిన ప్రాణాలున్నాయన్న ఎరుక షట్టర్ లేచే ఆ కొన్ని క్షణాలలోనే కలుగుతుంది. లోపల ఏముందో వ్యాఖ్యాత ముందే చెప్పేస్తే షట్టర్ ఉన్నా లేకపోయినా ఒకటే.

దీనినిబట్టి వ్యాఖ్యానాన్ని రెండు విధాలుగా విభజించవచ్చు. కంటికి కనిపించని సందర్భాన్ని అందించేది ఒకటి. కన్ను తానే కనుగొనగలిగినదాన్ని ముందుగా చెప్పేసేది మరొకటి. మొదటిది అవసరం, రెండవది అపకారం. పొద్దున్నే షట్టర్ ఎత్తి, లక్ష్మి పటానికి అగరొత్తులు వెలిగించే చిన్న వ్యాపారికి ఈ కృతిలో సగం ముందే తెలుసు. అతని అనుభవానికి చోటివ్వాలంటే అతని భాషకూ చోటివ్వాలి. ఇంగ్లీషు పరిభాషతోనే వ్యాఖ్యానం సాగితే, చెప్పగలిగినవాడు కూడా శ్రోతగానే మిగిలిపోతాడు.

5. ముగింపు:

గ్యాలరీ నడక విలువను చూసిన గ్యాలరీల సంఖ్యతోనో, వచ్చిన జనంతోనో కొలవడం చాలదు. వ్యాఖ్యాత తోడు లేకుండా ఆ ప్రేక్షకుడు మరునాడు ఒంటరిగా అదే మెట్లెక్కగలడా అన్నదే సరైన కొలమానం. హైదరాబాదు వంటి నగరాలలో తెలుగులో ఇటువంటి నడకలు రూపొందించేవారు గోడమీది ఇంగ్లీషు పాఠాన్ని అనువదించి చదివితే సరిపోదు. ఎంతవరకు విప్పాలో, ఎక్కడ ఆగాలో పటం కథకునికి తెలుసు. ఆ లయను గ్రహించినప్పుడే మాట చూపుకు దారి ఇస్తుంది.