మనశ్చికిత్సయు రోగి మాటయు

వైద్యునియొద్దను వకీలునొద్దను దాపరికము పనికిరాదని మనవారు తఱచుగా ననుచుందురు. ఈ మాటయందు గొప్ప లోకజ్ఞానము కలదు. గొప్ప యపాయమును కలదు. దేహమునకు జబ్బు చేసినవాడు చేతినో కడుపునో చూపి యూరకుండును. మనస్సునకు జబ్బు చేసినవాడట్లు కాదు; తన యింటిగుట్టును, తల్లిదండ్రుల తప్పులను, తన సిగ్గును, తన భయమును, తుదకు తన్ను దానే పరుని చేతిలో పెట్టవలసి యుండును. అట్లు పెట్టినదానిని ఆ పరుడు చెఱిచినచో ఏమి గతి? కంచెయే చేను మేసినచో ఎవ్వరితో మొఱపెట్టుకొనవలెను? ఈ ప్రశ్నను ధైర్యముగా నడిగిన గ్రంథ మొకదానిని గూర్చి యిచట విమర్శింప దలచితిమి.

అది జెఫ్రీ మాసన్ 1988 సంవత్సరమున ఆంగ్లమున ప్రకటించిన 'ఎగెయిన్‌స్ట్ థెరపీ'. 'చికిత్సకు వ్యతిరేకముగా' అని యా పేరునకు అర్థము. గ్రంథకర్త మన పండితులకు బొత్తిగా పరాయివాడు కాడు. మనోవిశ్లేషణమున ప్రవేశింపక పూర్వము ఆతడు కెనడా దేశమున టొరంటో విశ్వవిద్యాలయమున సంస్కృతాచార్యుడు. పట్వర్ధనుతో కలసి శాంతరసమును గూర్చియు అభినవగుప్తుని గూర్చియు ఆతడు వ్రాసిన గ్రంథమును 1969లో పూనాలోని భండార్కరు సంస్థవారు ప్రచురించిరి. బాల్యమున ఆతని యింట పాల్ బ్రంటను గురువై వెలసియుండెను. 1934లో రమణమహర్షిని గూర్చి వ్రాసి పాశ్చాత్యలోకమున పేరు గాంచిన బ్రంటను ఇతడే. తాను సంస్కృతము నేర్చిన పిదప ఆ గురువునకు ఆ భాష రాదని కనుగొన్న వృత్తాంతమును మాసన్ 1993లో వేఱొక గ్రంథమున చెప్పుకొన్నాడు. పిమ్మట మనోవిశ్లేషకుడుగా శిక్షణము పొంది, ఫ్రాయిడు పత్రభాండాగారమున పదవి నందుకొని, ఫ్రాయిడు సిద్ధాంతమును బహిరంగముగా శంకించినందున 1981లో తొలగింపబడెను. రెండు గురుకులములను లోపలినుండి చూచి వెలికి వచ్చినవాడన్నమాట. ఆ యనుభవము గ్రంథమునకు బలమైనది. ఆ గాయము కొన్నిచోట్ల లోపమును అయినది.

గ్రంథమున మిక్కిలి విలువైన భాగము డోరా వృత్తాంతము. డోరా యనునది ఫ్రాయిడు పెట్టిన మాఱుపేరు. 1900 సంవత్సరము అక్టోబరు నెలలో, వియన్నా నగరమున, పదునెనిమిదేండ్ల యీ కన్యను తండ్రియే ఫ్రాయిడునొద్దకు తెచ్చెను. దగ్గు, గొంతు పోవుట, విషాదము ఆమె జబ్బులు. వాని వెనుకనున్న కథను ఫ్రాయిడు తానే వ్రాసినాడు. ఆమె తండ్రికిని, కుటుంబమిత్రుడైన కె. గారి భార్యకును రహస్యసంబంధము కలదు. డోరా పదునాలుగేండ్ల పిల్లగా నున్నపుడు ఈ కె. గారు పండుగ ఊరేగింపు చూచు నెపమున ఆమెను తన యంగడికి రప్పించి, గుమాస్తాలను పంపివేసి, బలవంతముగా ముద్దు పెట్టుకొనెను. మఱి రెండేండ్లకు ఒక సరస్సు నొడ్డున తగని ప్రస్తావన చేయగా ఆమె ఆతని చెంప మీద కొట్టి, తల్లితో చెప్పెను. కె. గారు అంతయు కల్ల యనెను. తండ్రి స్నేహితుని మాటనే నమ్మెను; నమ్మినట్లు నటించె ననుటయే మేలేమో. పిదప కూతురికి బుద్ధి వచ్చునట్లు చేయుమని ఫ్రాయిడును కోరెను.

పాఠకులు ఒక విషయమును గమనింపవలెను. ఫ్రాయిడు ఆమె అబద్ధమాడుచున్నదని యనలేదు. జరిగినది జరిగినట్లే యొప్పుకొనెను. తండ్రి తన సుఖమునకై తన్ను కె. గారికి అప్పగించుచున్నాడని ఆమె వాపోగా, అందును చాలవఱకు నిజము కలదనెను. ఐనను ఏమి చేసెను? అంగడిలో ఆమెకు కలిగిన రోతయే రోగలక్షణమని నిర్ణయించెను! ఆరోగ్యవతియైన బాలికకు అట్టి సమయమున రోత కలుగదట. ఆమె కె. గారిని లోలోపల ప్రేమించుచున్నదనియు, ఆ ప్రేమను తననుండి తానే దాచుకొనుచున్నదనియు బోధించెను. ఆమె కాదనగా, ఆ కాదనుటయే అణగియున్న కోరికకు సాక్ష్యమనెను. కె. గారు భార్యను విడిచి ఆమెను పెండ్లాడియుండినచో అందఱికిని చక్కని పరిష్కారము దొరకెడిదని కూడ ఆతనికి తోచెను.

1900 డిసెంబరు 31వ తేదీన డోరా ఇక రానని చెప్పి వెడలిపోయెను. అది తనపై తీర్చుకొన్న పగ యని ఫ్రాయిడు వ్రాసెను. 1902లో ఆమె యొక్కసారి తిరిగి వచ్చి, తాను కె. దంపతులను నిలదీసితిననియు, భార్య తన సంబంధమును కాదన లేదనియు, భర్త సరస్సు నొడ్డున జరిగినదానిని ఒప్పుకొనెననియు చెప్పెను. ఇంతకు ఆమె కోరినదెల్ల ఇదియే: జరిగినది జరిగినదని ఎవరైన నొకరు ఆమె యెదుట ఒప్పుకొనుట. ఆ పని తండ్రి చేయలేదు; వైద్యుడు చేసియు చేయనివాడయ్యెను. తుదకు అపకారియే చేసెను. 1905లో ఫ్రాయిడు ఈ వృత్తాంతమును ప్రకటించినపుడు తన లోపమునుగూడ చెప్పుకొన్నాడు. కాని ఆ లోపము ఏది? రోగికి తనపై కలిగిన భావసంక్రమణమును వేళకు పసిగట్టకపోవుటయట. పిల్ల మాటకు విలువ నీయకపోవుట ఆ లెక్కలో చేరలేదు.

మేము సంస్కృత వ్యాఖ్యానముల నడుమ పెరిగినవారము. వ్యాఖ్యాత తన పాండిత్యబలముచే శ్లోకమునకు లేని యర్థమును పిండుట మాకు క్రొత్త కాదు. దానివలన శ్లోకము నొచ్చుకొనదు. మఱియొక వ్యాఖ్యాత వచ్చి సరిదిద్దును. మనుష్యుడు శ్లోకము కాడు. తన మాటకు తానుద్దేశింపని యర్థమే నిజమైన యర్థమని దినదినమును అధికారపూర్వకముగా చెప్పుచుండినచో, వానికి తన కన్నులపైననే నమ్మకము సన్నగిల్లును. మాసన్ గ్రంథము మాకు నేర్పిన ముఖ్యపాఠ మిదియే. చికిత్సలో హింస చేయి తాకినపుడు మొదలగునని మన మనుకొందుము. కాదు, రోగి యొక్క 'కాదు' అను మాటను రోగమునందు జమ కట్టినపుడే అది మొదలగును. అవును అన్నచో అవును; కాదు అన్నను అవునే. ఇట్టి న్యాయస్థానమున ముద్దాయి గెలుచు టెట్లు?

ఇది యొక్క మనోవైద్యుల దోషమని మేము తప్పించుకొనజాలము. ఇరువదేండ్లుగా బడిపంతులు పని చేయుచున్న మేమును ఎందఱో బాలుర 'కాదు'ను మొండితనమని లెక్కించినవారమే. ఫలాన మాస్టరు తరగతికి పోనని యేడ్చిన పిల్లవానిని చేయి పట్టుకొని కూర్చుండబెట్టినపుడు, ఎందుకు పోనంటివని యడుగవలెనని మాకు తోచలేదు. అడుగకుండుటకు మాకు గల యధికారమే మా కన్నులకు గంత యయ్యెను.

ఈ సంగతిని వృత్తి లోపలినుండియే కనుగొన్నవాడు హంగేరీ దేశస్థుడైన ఫెరెంట్సి. 1932 సెప్టెంబరులో వీస్‌బాడెన్ నగరమున జరిగిన మనోవిశ్లేషకుల మహాసభలో ఆతడొక వ్యాసము చదివెను. పెద్దవారిచే చెఱుపబడిన బిడ్డకు మొదటి గాయము ఆ చేష్టవలన కలుగును. ఆపై, ఏమియు జరుగలేదని పెద్దవారు బొంకుటవలన దాని యింద్రియముల సాక్ష్యమే దానికి నమ్మరానిదగును. వైద్యుడు లోపల విసుగుకొనుచు పైకి దయ నటించినచో, అదే బొంకు చికిత్సాగృహమున మరల జరుగునని ఆతడు చెప్పెను. వైద్యుడు తన తప్పు నొప్పుకొన్నచో రోగికి నమ్మకము పెరుగుననియు చెప్పెను. ఆ వ్యాసమును ప్రకటింపవలదని ఫ్రాయిడు ముందే కోరియుండెను. మఱుసటి సంవత్సరము మే నెలలో ఫెరెంట్సి మరణించెను. ఆంగ్లలోకమునకు ఆ వ్యాసము 1949లో గాని దొరకలేదు. ఆతడును నిర్దోషి కాడు. తాను పిదప పెండ్లాడిన స్త్రీ యొక్క కుమార్తెకే 1911లో చికిత్స చేయుచు ఆమె ప్రేమలో చిక్కుకొన్నవాడు. తాను జాఱినందుననే జాఱుడుబండ యెక్కడనున్నదో ఆతనికి తెలిసినదేమో.

మాట కాదను హక్కు పోయినచోట దేహమును కాదను హక్కు ఎంతకాలము నిలుచును? మాసన్ జాన్ రోజెన్ అను అమెరికా వైద్యుని కథ చెప్పుచున్నాడు. తన వృత్తివారి మెప్పు పొందినవాడే. రోగులను కొట్టెననియు, లైంగికముగా హింసించెననియు అభియోగములు రాగా 1983లో వైద్యానుమతిని తానే వదలుకొనెను. ఒక్కని కథ అని తీసివేయుదమా? 1977లో అమెరికాలో వెలువడిన యొక విచారణలో, మనశ్శాస్త్రవృత్తిలోని పురుషులలో నూటికి 5.5 మందియు, స్త్రీలలో 0.6 మందియు రోగులతో దేహసంబంధము కలిగియుండినట్లు తామే యొప్పుకొనిరి. ఆ దేశపు మనోవైద్యసంఘము 1973లోను, మనశ్శాస్త్రసంఘము 1977లోను అట్టి సంబంధము నీతిబాహ్యమని స్పష్టముగా శాసించినవి. రోగి యిష్టపడెనను వాదము చెల్లదు. తన రహస్యములన్నియు తెలిసి, తన మనస్సునకు అర్థము చెప్పు నధికారము గలవాని యెదుట ఇష్టమునకు స్వాతంత్ర్యమెక్కడిది?

ఇది పాశ్చాత్యులు నిన్న కనుగొన్న ధర్మము కాదు. చరకసంహిత విమానస్థానమున, ఎనిమిదవ యధ్యాయమున, వైద్యశిష్యునకు చేయు శాసనమున్నది. రోగి యింటికి తెలిసినవారు తోడు రాగా వెళ్లవలెననియు, పరస్త్రీని కోరరాదనియు, రోగి యింటి సంగతులు బయట చెప్పరాదనియు అందు కలదు. హిపొక్రటీసు పేర వెలసిన యవనుల వైద్యప్రమాణమును ఇదే చెప్పును. రెండును తమ తమ కాలమున వైద్యుని ఋషిగా నమ్మలేదు. మనుష్యుడనియే యెంచి కట్టు కట్టినవి. అధికారమున్నచోట కట్టు ఉండవలెనని యా పెద్దలు ఎఱుగుదురు.

ఇచటి వఱకు మేము మాసన్ వెంట నడిచితిమి. ఇక ముందునకు నడువజాలము. మనశ్చికిత్స స్వభావముచేతనే చెడ్డదనియు, సంస్కరణమునకు లొంగదనియు, దానిని విడిచి దయగల మిత్రులను ఆశ్రయింపవలెననియు ఆతని తీర్పు. సజ్జనుడని పేరొందిన కార్ల్ రోజర్సును సైతము ఆతడు విడిచిపెట్టడు. మాకు కలిగిన సందేహమిది: డోరాను చెఱుపబూనిన కె. గారెవరు? వైద్యుడా? కాదు, కుటుంబమిత్రుడు. ఆమెను త్రాసులో పెట్టినదెవరు? కన్నతండ్రి. బంధుమిత్రులే గాయము చేసిన వారికి బంధుమిత్రులే మందు అనుట ఎట్లు పొసగును? గడప దాటి పరునితో చెప్పుకొను చోటొకటి యుండుట ఎందఱో స్త్రీలకు, బిడ్డలకు ప్రాణాధారము. ఆ చోటును మూసివేయుట సంస్కర్తల పని కాదు.

లెక్కలును మాసన్ తీర్పును బలపఱుపవు. ఇంగ్లండు, వేల్సు దేశములలో మానసిక చికిత్స పొందినవారిని ప్రశ్నించి 2016లో ప్రకటించిన విచారణలో 14,587 మంది బదులు చెప్పగా, అందు నూటికి 5.2 మంది తమకు నిలిచియుండు కీడు కలిగెననిరి. వైద్యవృత్తి గర్వించుటకు వీలు లేని సంఖ్య యిది. వందలాది మనుష్యుల బాధ యందున్నది. ఐనను చికిత్సయెల్ల విషమనుటకు ఇది చాలదు. ఆ యేడువందలపైబడినవారి మాట వినుట కొక చోటుండవలెననుటకు మాత్రము చాలును.

మన పట్టణములలోను ఇప్పుడు పరీక్షలు తప్పిన కొడుకును, పెండ్లి వలదన్న కూతురిని కౌన్సిలరు కడకు తీసికొనిపోవు తల్లిదండ్రులు పెరుగుచున్నారు. ఇది మంచిదే, దయ్యము పట్టెనని వేపమండలతో కొట్టించుటకంటె వేయిరెట్లు మేలు. కాని గడప త్రొక్కకముందు ఆ తల్లిదండ్రులు తమ్ము తాము ఒక ప్రశ్న వేసికొనవలెను: బిడ్డ బాధ తీరుటకు పోవుచున్నామా, మా మాట నెగ్గించుకొనుటకా? డోరా తండ్రి రెండవదానికై పోయెను. చికిత్సకుని చదువేమి, ఏ ప్రభుత్వమండలిలో నమోదైనాడు, తప్పు జరిగినచో ఎవరికి చెప్పుకొనవలెను అని యడుగుట అగౌరవము కాదు. బల్ల కట్టిన ప్రతివాడును నమోదైనవాడు కాడు. మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికి క్రూరమును అవమానకరమునైన వర్తనమునుండి రక్షణను, గోప్యతను, సేవాలోపమును గూర్చి ఫిర్యాదు చేయు హక్కును ఇచ్చినది. చట్టము కాగితము, దానికి ప్రాణము పోయవలసినది ఇంటివారు. బిడ్డ యింటికి వచ్చి 'నేనిక అక్కడికి పోను' అన్ననాడు, అది జబ్బు ముదిరిన గుర్తని తొందరపడక, తలుపు వేసి, దగ్గర కూర్చుండబెట్టుకొని, ఏమి జరిగినదని యడుగవలెను. ఇంట ఆ ప్రశ్న పుట్టనిచో ఎంతటి చట్టమును ఆ బిడ్డను చేరజాలదు.

మాసన్ గ్రంథమున కోపము మిక్కుటము, తీర్పు తొందరపాటు. ఐనను రోగి పక్షమున వ్రాయబడిన గ్రంథములు తక్కువ. వైద్యుల పక్షమున వ్రాయబడినవి గదులు నిండ కలవు. కావున ఆంగ్లము చదువగల మా పాఠకులు దీనిని చదువవలెననియే మా కోరిక. చదివి, డోరా వెడలిపోయిన యా డిసెంబరు దినమును ఒక్క క్షణము తలచుకొనవలెను. ఆమెకు తోడు ఎవ్వరును లేరు. తన మాట తనకు నిజమని తోచినది. అంతియే ఆమెకు గల బలము. ఫ్రాయిడు దానిని పగ యనెను. మేము దానిని ఆరోగ్యమందుము.