డీజిలు ఇంజను మెకానిక్కు

ఖమ్మము విడిచి కొత్తగూడెము మీదుగా భద్రాచలమునకు పోవు బాటసారి అడవిని, బొగ్గు గనులను, గోదావరిని చూచి సంతసించును గాని, వాగుగట్టున మిరపతోటకు నీరు తోడు డీజిలు ఇంజను చప్పుడాలకించి, దానిని బాగుచేయు మెకానిక్కును తలచుకొనుట అరుదు. కరెంటు తీగ చేరని చేలయందు ఆ ఇంజనే రైతునకు ఆధారము.

1892లో రుడాల్ఫ్ డీజిల్ పేటెంటు కోరిన ఈ యంత్రమునకు నిప్పురవ్వ అక్కరలేదు. సిలిండరులో గాలి మిక్కిలి అదుమబడి, ఆ యొత్తిడికే అయిదు వందల సెంటీగ్రేడు డిగ్రీలకు మించి వేడెక్కగా, నాజిలు చిమ్మిన తుంపర తనంతట తానే మండును. ఆ తుంపర సరిగా చిమ్మకుండుటకు డీజిలు గొట్టములో చిక్కిన చిన్న గాలిబుడగ చాలును; అంతట ఇంజను మొరాయించును. మెకానిక్కు ఆ గొట్టపు స్క్రూను వదులుచేసి, బుడగలు పోయి ధార తెగక వచ్చువఱకు ఓపికతో కాచుకొని, మఱల బిగించి, హ్యాండిలు త్రిప్పును. పొగ నల్లనైనచో గాలి చాలలేదనియో, డీజిలు ఎక్కువైనదనియో, నీలమైనచో ఇంజనాయిలు రింగుల సందున పైకెక్కి కాలుచున్నదనియో గ్రహించును.

నేను మిక్కిలి గౌరవించునది నాజిలుపట్ల అతడు చూపు శ్రద్ధ. బొట్లు కారరాదు, మంచువలె చిమ్మవలెను. అంతవఱకు అతడు దానిని మఱల బిగింపడు.

పని ముగిసిన పిదప, డ్రమ్ము అడుగున పేరుకొన్న మడ్డిని ట్యాంకులో పోయవద్దనియు, డీజిలును వడగట్టి పోయుమనియు రైతునకు నొక్కి చెప్పిన గాని మంచి మెకానిక్కు అచ్చటినుండి కదలడు.