మూడో అంతస్తులో వంటిల్లు

పాతకాలపు భవంతుల గురించి రాసే పెద్దలు వీధిలో నిలబడి రాతిగోడల అందాన్ని పొగుడుతారు. నన్నడిగితే, ఏ ఇంటి గొప్పయినా వంటింట్లో తేలాలి!

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, పోర్తా రోస్సా వీధిలో దవన్‌జాతి వారి మేడ ఉంది. 14వ శతాబ్దం నడుమ దవిజ్జి అనే వర్తక కుటుంబం కట్టించుకుంది. 1578లో బెర్నార్దో దవన్‌జాతి కొన్నాడు. టాసిటస్ చరిత్రను ఇటాలియన్‌లోకి తెచ్చిన పండితుడాయన. పైన కనిపించే స్తంభాల వసారా వీళ్ళ హయాంలోదే.

కింద వ్యాపారం, పైన కాపురం. చిలకల గదిలో గోడలకి తెరలు కట్టినట్టే బొమ్మలు వేశారు. బాగానే ఉంది. మరి వంటిల్లో? మూడో అంతస్తులో! పొగా, వాసనా, నిప్పు భయమూ కింది గదులకి రాకుండానట. అయితే నీళ్ళో? అక్కడే కట్టించినవాడి తెలివి చూడాలి. బావి ఇంటిలోపలే ఉంది. దాని గొట్టం అన్ని అంతస్తులకీ పోతుంది. ఏ అంతస్తులో వాళ్ళు అక్కడే చేద వేసి తోడుకోవచ్చు. ఊళ్ళో చాలామంది వీధి బావులకి పోయే రోజులవి. రంగుల గోడలకన్నా నాకు ఈ బావే గొప్ప శిల్పం. కాని అన్ని మెట్లెక్కి కట్టెలు మోసిందెవరో, ఆ మాట ఎవరూ ఎత్తరేం?

ఇంకొక్క సంగతి. లోపలి మంచాలూ పెట్టెలూ చూసి దవన్‌జాతి వారి తాతలనాటి సామాననుకోకండి. 1904లో ఎలియా వోల్పి అనే పురాతన వస్తువుల వ్యాపారి ఈ మేడ కొని, బాగుచేయించి, ఎక్కడెక్కడి సామానుతోనో అలంకరించి 1910లో జనానికి చూపించాడు. 1916లో ఆ సామాను న్యూయార్క్‌లో వేలానికి పోయింది. 1951లో ప్రభుత్వం మేడ కొని, 1956లో మ్యూజియం తెరిచింది. అంటే మనం చూసేది ఒక ఇంటి జ్ఞాపకం కాదు, అలాంటి ఇల్లు ఎలా ఉండేదోనన్న ఊహ. ఊహ ముచ్చటగానే ఉంది, కాని ఊహ అని చెప్పి చూపించాలి కదండీ.

ఊహ కానివీ ఉన్నాయి. గోడల మీద ఇంట్లోవాళ్ళు గీసుకున్న లెక్కలూ రాతలూ. 1478లో జులియానో మెదిచిని చర్చిలో చంపారన్న కబురు కూడా ఒకరు గోడమీదే రాసిపెట్టారు. పాల లెక్క తలుపు వెనక రాసుకున్నట్టే! వెళ్ళే భాగ్యం కలిగితే, మంచాల దగ్గర ఆగకుండా ఆ రాతల దగ్గరా, బావి దగ్గరా ఆగండి.