పెట్టె మీద పేరెవరిది? 'థ్రిల్లర్' నుంచి 'గోలీమార్' దాకా

నూజివీడు మామిడి పెట్టె మీద వ్యాపారి పేరుంటుంది. రసానికి ఊరి పేరుంది. తోటకి ఆసామి పేరుంది. చెట్టెక్కి చిక్కంతో కాయకి దెబ్బ తగలకుండా దించినవాడికి పేరు లేదు. సొన పడి చేతులు పొక్కుతున్నా కాయల్ని ఏరి గడ్డిలో పేర్చిన ఆడకూలీకీ పేరు లేదు. పాట విషయంలోనూ జరిగేది ఇదే. అందుకే ఎక్కడో లాస్ ఏంజిలిస్‌లో తయారైన ఆల్బమ్ గురించి ఈ తోటల మధ్యనుంచి మాట్లాడుతున్నాం.

మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' 1982 నవంబరు చివర్లో వచ్చింది. ఉన్నవి తొమ్మిది పాటలే. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్ ఇదేనంటారు. దీన్ని మెచ్చుకునేవాళ్ళు ఎక్కువగా వాడే మాట 'పుట్టుకతో వచ్చిన ప్రతిభ'. ఈ మాట మనకి కొత్తదేం కాదు. పుట్టుకనీ ప్రతిభనీ ముడేసి మనల్ని గడప బయట నిలబెట్టిన చరిత్ర మన కళ్ళముందే ఉంది. గేరీ పట్టణంలో ఉండే జాక్సన్ తండ్రి ఉక్కు ఫ్యాక్టరీ క్రేన్ ఆపరేటర్. ఆ ఇంటి పిల్లలు చిన్నప్పట్నుంచీ చేసిన సాధనని 'పుట్టుక' అనడం శ్రమని దాచెయ్యడమే.

ఆల్బమ్ కూడా ఒక్కడి పని కాదు. దాన్ని నడిపించినవాడు క్విన్సీ జోన్స్ అనే నల్లజాతి సంగీతకారుడు. శబ్దాన్ని పట్టినవాడు బ్రూస్ స్వీడియన్. 'థ్రిల్లర్' పాట రాసిన రాడ్ టెంపర్టన్ ఒకప్పుడు ఇంగ్లండులో చేపల ఫ్యాక్టరీలో పనిచేసిన తెల్లవాడు. 'బిల్లీ జీన్' పాట రాసింది జాక్సనే అయినా, దాన్ని నిలబెట్టింది లూయిస్ జాన్సన్ బేస్ గిటారు, ఎన్‌డుగు చాన్స్‌లర్ డ్రమ్స్. వీళ్ళందరి పేర్లూ అట్ట మీదికెక్కాయి. పేరెక్కడమంటే గౌరవం ఒక్కటే కాదు. అది రేపటి పని, రేపటి కూలి, రేపటి చరిత్ర.

పేరున్నా తలుపు తెరుచుకోలేదు. 1981లో మొదలైన ఎంటీవీ నల్లవాళ్ళ పాటల్ని దాదాపుగా చూపించేది కాదు. కంపెనీ బెదిరించాకే 1983లో 'బిల్లీ జీన్' వేశారని కంపెనీ పెద్దలు చెప్పుకున్నారు. ఛానెల్ వాళ్ళు కాదన్నారు. ఏమైనా వెలికి సముద్రాలు అడ్డం కావని మాత్రం తేలింది.

అయితే ఇక్కడే మనం ఆగి ఆలోచించాల్సిన సంగతొకటి ఉంది. ఆల్బమ్ మొదటి పాట చివర్లో వచ్చే పల్లవికి మూలం కామెరూన్ సంగీతకారుడు మను దిబాంగో 1972 నాటి 'సోల్ మకోసా'. అట్ట మీద ఆయన పేరు లేదు. ఆయన అడిగాక కోర్టు బయట రాజీ కుదిరింది. అణచివేతకి గురైనవాడు కూడా ఇంకొక అణగారినవాడి పేరు మింగెయ్యగలడు. దీన్ని దాచిపెట్టి జాక్సన్‌ని దేవుణ్ణి చెయ్యడం మన పని కాదు.

ఇక తెలుగుకొద్దాం. 1985లో చిరంజీవి 'దొంగ' సినిమాలో 'గోలీమార్' పాట వచ్చింది. చక్రవర్తి సంగీతం. సమాధులూ, లేచొచ్చే శవాలూ, ఆ అడుగులూ అన్నీ 'థ్రిల్లర్' వీడియోవే. జాక్సన్‌తో కలిసి ఆ అడుగులు కట్టిన నల్లజాతి నృత్య దర్శకుడు మైకేల్ పీటర్స్ పేరు మన పల్లెల దాకా రాలేదు. మన వాడల పిల్లలు బ్రేక్ డాన్సు నేర్చుకుంటే 'విషసంస్కృతి' అని తిట్టినవాళ్ళున్నారు. మేము ఒప్పుకోం. వొంగి నడవమన్న ఊళ్ళో ఒళ్ళు విరిచి ఆడటం చిన్న సంగతా?

అదే ఏడాది జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని భూస్వాములు చంపారు. తెరమీద నల్లవాళ్ళ ఆట చూసి ఈల వేసిన సమాజమే ఊళ్ళో మన మనిషి నీళ్ళ గురించి ప్రశ్నిస్తే సహించలేకపోయింది. అరువు తెచ్చుకోవడానికీ గౌరవించడానికీ మధ్య దూరం అంత.

అరువు తప్పని మేమనడంలేదు. 1972లో బొంబాయి దళిత యువకులు అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి పేరే తెచ్చుకుని దళిత్ పాంథర్స్ అయ్యారు. ఎవర్నుంచి తెచ్చుకున్నారో ఆ పేరే చెబుతుంది. 'గోలీమార్' అరువులో ఇచ్చినవాడు మాయమయ్యాడు. తేడా ఇదే.

చివరగా మన సంగతి. మాదిగ డప్పు ఇవాళ సినిమా పాటల్లో మోగుతోంది. సంగీత దర్శకుడి పేరు పడుతుంది. తోలు కాచి వాయించినవాడు చాలాసార్లు 'బృందం' అయిపోతాడు. మరి మన క్యాసెట్ల మీద, ఇప్పటి మన యూట్యూబు పాటల కింద మనమేం రాస్తున్నాం? గాయకుడి బొమ్మ పెద్దది. కోరస్ ఇచ్చిన అక్కలేరీ? డప్పు కొట్టిన అన్నలేరీ? పాట కట్టిన ముసలమ్మ ఏదీ?

పెట్టె మీద పేరు రాయించుకోవడం పోరాటమే. మన చేతిలో ఉన్న పెట్టె మీద అందరి పేర్లూ రాయడం మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు. దానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు.