పెన్నేటి ఇసుకలో బండి నడక

కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలిసే పెన్న, ఏడాదిలో ఎక్కువ నెలలు నీటికంటె ఇసుకతోనే నిండి కనిపించే నది. గండికోట దగ్గర ఎర్రమల కొండలను చీల్చుకొని బయటపడి, మైలవరం జలాశయం దాటి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణాలను ఎడమ గట్టున ఉంచుకొని సాగే దారిలో అది విశాలమైన ఇసుక మేటలు వేస్తుంది. పులివెందుల సీమకు ఒక పక్క చిత్రావతి, మరొక పక్క పాపాఘ్ని అదే స్వభావం గల ఏళ్లు. ఈ మూడు పట్టణాల చుట్టూ ఇసుకలో బండి నడపడం వినోదం కోసం ఏర్పడిన విద్య కాదు, బతుకుతెరువు నేర్పిన విద్య. మద్రాసును బొంబాయితో కలుపుతూ 1871 నాటికి పూర్తయిన రైలు మార్గం నదికి దక్షిణంగా ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోగా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఉత్తరపు గట్టునే మిగిలిపోయాయి. నంద్యాల–ఎర్రగుంట్ల మార్గంలో 2016లో ప్రయాణికుల రైళ్లు మొదలయ్యేదాకా వాటి గడపలోకి రైలు రాలేదు. కనుక ఉత్తరపు గట్టు నల్లరేగడి చేలలో పండిన పత్తి రైలెక్కాలంటే ముందు ఏరు దాటవలసి వచ్చేది, వంతెన లేని రేవుల్లో ఆ దాటడం ఇసుకలోనే జరిగేది.

ఇసుక బరువును మోసే తీరు మట్టి తీరుకు భిన్నమైనది. బంకమట్టి కణాలు ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. పొడి ఇసుక రేణువులకు ఆ పట్టు లేదు, వాటి మధ్య ఉన్నది రాపిడి మాత్రమే. చక్రం పైనుంచి నొక్కినప్పుడు రేణువులు పక్కలకు, ముందుకు జరిగిపోయి చక్రం ఎదుట చిన్న కట్టగా పేరుకుంటాయి, ఆ కట్టను నిరంతరం ఎక్కుతూ పోవలసి రావడమే ఇసుక నడకలోని కష్టం. కొద్దిగా తడిసిన ఇసుక కథ వేరు: రేణువుల మధ్య నిలిచిన పలుచని నీటి పొర వాటిని దగ్గరకు లాగి ఉంచుతుంది కాబట్టి అది గట్టిగా నిలుస్తుంది. అదే ఇసుక పూర్తిగా నీరు పట్టి, అడుగు నుంచి ఊట పైకి తోస్తూ ఉంటే, రేణువులు నీటిలో తేలినట్టయి రాపిడి పోతుంది. ఊబి అనేది ఈ స్థితికే పేరు. పైన ఎండి, లోపల ఊట ఉన్న చోటు అన్నిటికంటె మోసకారి, ఎందుకంటే పై పెంకు మనిషిని మోస్తుంది, బండిని మోయదు. అందుచేత ఏరు తెలిసినవారు ముందుగా నడిచి చూస్తారు, మడమతో గట్టిగా తొక్కి ఆ గుంటలో నీరు ఊరుతున్నదా అని కనిపెడతారు. ఈ విద్యలో సగం ఇదే.

ఎద్దుల బండి ఈ పరీక్షకు సన్నని పట్టాతో దిగింది. మధ్యన కుండ, అందులోంచి వెడలే ఆకులు, ఆకులను చుట్టి కలిపే పుట్టీలు, వాటిపై ఎర్రగా కాల్చి బిగించిన ఇనుప పట్టా కలిసి బండి గాను అవుతుంది. పట్టా ఇరుకైనది కావడం వల్ల ఇసుకను కోసుకుపోతుంది గాని, గాను ఎత్తయినది కావడం ఆ లోపాన్ని కొంత పూడుస్తుంది, ఎందుకంటే పెద్ద చక్రం ఎదుటి కట్టను చిన్న చక్రంకంటె తేలికగా ఎక్కగలదు. మిగిలిన లోపాన్ని తోలేవాడి నేర్పు పూడ్చాలి. రేవులోకి దిగకముందే బండి ఆపి ఎద్దులకు ఊపిరి తీసుకోనివ్వడం, ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపిన కందెనను ఇరుసుకు పూయడం, బరువు ముందుకు మొగ్గి ఎద్దుల మెడలపై పడకుండా, వెనక్కి మొగ్గి కాడిని పైకి ఎత్తకుండా తూకం సరిచూడడం మొదటి పనులు. ఏట్లోకి దిగాక తోలేవాడు తానూ దిగి నడుస్తాడు. ముందుపోయిన బండ్ల జాడలో ఇసుక అణగి ఉంటుంది కనుక ఆ జాడ వదలడు. నిలిచిన బండిని కదిలించడానికి, కదులుతున్న బండిని లాగడానికంటె చాలా ఎక్కువ బలం కావాలి కనుక నడుమ నిలపడు. బరువెక్కువైన చోట గొలుసుతో ముందు జతను కట్టి, ఒక బండిని గట్టెక్కించి, అదే జతను వెనక్కి తోలుకొచ్చి తరువాతి బండికి కట్టేవారు. దిగబడితే గాను ముందర కంప, గడ్డి, కంది కట్టె పరిచి, నలుగురు ఆకులకు చేయి వేసి తిప్పేవారు. నాలుగు ఎద్దులూ ఒకే క్షణాన కాడికి భుజమివ్వడంలో ఉన్న బలం, విడివిడిగా గుంజడంలో లేదు. అదలింపులో తోలేవాడి గొంతుకు ఉన్న విలువ అక్కడే తెలుస్తుంది.

ట్రాక్టరు వచ్చాక ఎద్దుల పని ఇంజను చేసింది గాని, ఇసుక స్వభావం మారలేదు. ట్రాక్టరు వెనుక చక్రాలకున్న మందమైన రబ్బరు కట్లు తడి నేలను పట్టుకోవడానికి చేసినవి. పొడి ఇసుకలో అవి అక్కడే తిరిగితే నేలను తవ్వి తమను తామే పాతుకుంటాయి. రెండు చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్ అనే అమరిక, తేలికగా తిరిగే చక్రాన్నే వేగంగా తిరగనిస్తుంది కాబట్టి, ఒకటి గుంటలో గిర్రున తిరుగుతుంటే రెండవది కదలకుండా ఉంటుంది. ఆ సమయంలో రెండింటినీ ఒకటిగా బిగించే లాక్ పెడల్ తొక్కాలి. దిగబడిన ట్రాక్టరును లాగేటప్పుడు ప్రాణానికి సంబంధించిన నియమం ఒకటి ఉంది: బరువైన ట్రాలీని ఇరుసుకంటె ఎత్తయిన చోట తగిలించి గుంజితే ముందు చక్రాలు లేచి, ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరును నలిపేస్తుంది. కొక్కెం ఎప్పుడూ కిందనే ఉండాలి.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు 1941లో అమెరికా సైన్యం కోసం వచ్చింది, ఆ దశాబ్దం ముగిసేలోగా మహీంద్రా సంస్థ దాన్ని బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టింది. ఆ వంశంలోని థార్ 2010లో వెలువడింది. మామూలు బండిలో బలం అందని రెండు చక్రాలు ఇసుక కట్టను తోసుకుంటూ భారమవుతాయి. ఇక్కడ ప్రతి చక్రమూ తన ఎదుటి కట్టను తానే ఎక్కుతుంది. అయినా ఇసుకలో అసలు మార్పు తెచ్చేది టైరులోని గాలి. 1800 కిలోల బండిలో ఒక్కో చక్రంపై 450 కిలోలు పడతాయనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 2 కిలోల గాలి ఉన్న టైరు సుమారు 225 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతుంది. గాలిని సగం చేస్తే ఆ మేర రెట్టింపు అవుతుంది, నేలపై ఒత్తిడి సగమవుతుంది. మెకానిక్కుల లెక్కలో 30 పాయింట్ల టైరును 15, 18 పాయింట్లకు దించడమన్నమాట. 1920, 30 దశాబ్దాల్లో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో కార్లు నడిపిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నాల్డ్ ఈ పద్ధతినీ, చక్రాల కింద ఇనుప పలకలు పరిచే పద్ధతినీ స్థిరపరచి, ఇసుక కదలికపై 1941లో శాస్త్రగ్రంథమే వెలువరించాడు. ఆ పలకలు చేసిన పనిని పెన్నేటి రేవుల్లో కంప, కంది కట్టె చేశాయి, ఆ వరుసలో ఇక్కడ బండ్లు తోలినవారిని నిలపడం అతిశయోక్తి కాదు.

గాలి దించిన తరువాత తక్కువ గేరు పెట్టి, మెల్లగా కదిలి, ఒకే నిలకడైన వేగంతో పోవాలి. బ్రేకు తొక్కితే చక్రాల ముందు ఇసుక గోడ లేస్తుంది కాబట్టి, ఆగవలసి వస్తే పల్లం వైపు ముఖం పెట్టి తనంతట తానే నిలిచేలా వదలాలి. స్టీరింగును చటుక్కున తిప్పితే గాలి తక్కువైన టైరు అంచు రిమ్ము నుంచి ఊడుతుంది. ముందుకు సాగక చక్రాలు అక్కడే తిరుగుతున్నాయని తెలిసిన మరుక్షణం యాక్సిలరేటరు వదిలేయాలి. ఇంకొంచెం తొక్కితే వస్తుందనే ఆశే బండిని ఇరుసుదాకా పూడుస్తుంది. దిగి, చక్రాల ఎదుట, వెనుక, అడుగున ఉన్న ఇసుకను పారతో తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి తోలడం చాలా సార్లు సరిపోతుంది. ఏరు దాటి తారు రోడ్డెక్కగానే గాలి తిరిగి పట్టించాలి, లేకుంటే టైరు పక్కలు మడతలు పడుతూ వేడెక్కి పగులుతాయి.

ఇదే పెన్న ఇసుకను మోసుకుపోయే నెల్లూరు తీరంలో నియమాలు ఇవే గాని, అక్కడ అలలు తడిపిన పట్టీ గట్టిగా ఉండి ఆటుపోట్లతో మారుతూ ఉంటుంది, ఉప్పునీరు ఇనుమును తింటుంది, చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకను చక్రాలు అణచివేస్తాయి. ఏటిలో వేరే ముప్పు ఉంది. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్నిపై వంతెనే కూలిపోయింది. అటువంటి కాలంలో ఏ బండీ ఏట్లోకి దిగకూడదు. ఎండకాలంలోనూ మితిమీరి ఇసుక తోడిన చోట మిగిలే లోతైన గుంతలు, వాటిపై పలచగా పరచుకున్న కొత్త ఇసుక, పాత జాడలను నమ్మి వచ్చేవారికి ప్రాణాంతకాలు. వరద నీటిని దాచి బావులకు, చెలమలకు అందించే ఇసుకను కాపాడేందుకు 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఇసుక తవ్వకానికి హద్దులు పెట్టింది. ఇసుక పొర తరిగి అడుగు బండ బయటపడిన రేవులో, తరాలుగా సంపాదించిన ఈ జ్ఞానానికీ పని ఉండదు, పక్క చేలోని బావికీ నీరుండదు.